పొదుగు లేని తల్లి పాలు

(అమరావతిలో సభ్య సంఘాల పాల ఉత్పత్తిదారుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇలాంటి సమావేశాల్లో మనం మామూలుగా మేత గురించి, టీకాల గురించి, వెన్న శాతం గురించి మాట్లాడుకుంటాం. ఈ రోజు నన్ను దూడల పోషణ గురించి చెప్పమన్నారు. తప్పకుండా చెబుతాను. కాని ఆ మాటకు కాస్త చుట్టు తిరిగి వస్తాను. ముందుగా నేల కింద బతికే ఒక జీవి కథ వినండి. దానికి కాళ్లు లేవు. చూపు లేనట్టే. పొదుగు అసలే లేదు. అయినా అది తన పిల్లలకు పాల వంటి ఆహారం ఇస్తుంది. పాలతో బతికే మనకు ఆ కథ తెలిసి ఉండాలి.

జెర్రిపోతు మీద నింద

మన దగ్గర పామును, పాలను కలిపి చెప్పుకోవడం అలవాటు. నాగుల చవితి నాడు పుట్టలో పాలు పోస్తాం. ఈ అమరావతి స్తూపానికి పల్నాటి సున్నపురాతి పలకలు చెక్కిన శిల్పులు వాటి మీద నాగరాజులను కూడా మలిచారు. ఆ పలకలు కొన్ని ఇక్కడి మ్యూజియంలో, కొన్ని చెన్నైలో, కొన్ని లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. పాము అంటే భక్తి, భయం ఈ నేలలో ఎంత పాతవో దీన్నిబట్టి తెలుస్తుంది. భక్తి జోలికి నేను పోను. గుడిలో మొక్కు వేరు, కొట్టంలో లెక్క వేరు. నేను కొట్టం సంగతి మాట్లాడుతున్నాను.

సాయంత్రం పూట నాలుగు లీటర్లు ఇచ్చే గేదె ఒకరోజు ఉన్నట్టుండి రెండున్నరే ఇస్తుంది. ఎందుకా అని చూడబోతే గడ్డివామి దగ్గర జెర్రిపోతు కనబడుతుంది. ఇంకేముంది? రాత్రి గేదె వెనక కాళ్లను చుట్టుకుని పాలన్నీ తాగేసిందని తీర్పు చెప్పేస్తాం. కర్ర తీసుకుంటాం.

జెర్రిపోతు కొట్టం దగ్గరకు వచ్చేది ఎలుకల కోసం. పాము నోటికి చన్ను పట్టి పీల్చే పెదవులు లేవు, బుగ్గలు లేవు. ఉన్నవల్లా లోపలికి వంగిన సూదుల్లాంటి పళ్లు. ఆ పళ్లు చన్నుకు తగిలితే ఏ గేదె అయినా ఎగిరి తన్నుతుందే గాని నిలబడి పాలివ్వదు.

పామును చంపిన మర్నాడు కూడా పాలు పెరగవు. పాలు తగ్గడానికి కారణం వేరే ఉంటుంది కదా! మేత మారి ఉండవచ్చు. నీళ్లు చాలక పోయి ఉండవచ్చు. ఎదకు వచ్చి ఉండవచ్చు. అన్నిటికన్నా ముఖ్యంగా అనుమానించవలసింది పొదుగువాపు. పొదుగు ఎర్రబడి, గట్టిపడి, ముట్టుకుంటే వేడిగా ఉంటే అందరికీ తెలుస్తుంది. కాని పైకి కనబడని పొదుగువాపు ఒకటి ఉంది. పొదుగు చూడడానికి బాగానే ఉంటుంది, పాలు మాత్రం తగ్గుతాయి. మనం పాము మీద నింద వేసి నాలుగు రోజులు ఊరుకుంటే ఆ నాలుగు రోజుల్లో జబ్బు ముదిరి చన్ను చచ్చుపడుతుంది. అప్పుడు పాము పోయె, చన్నూ పోయె.

కనుక పాము పాలు తాగదు. మరి కాళ్లు లేకుండా పాకే జీవుల్లో తల్లి దగ్గర పాలు తాగేది ఒక్కటైనా ఉందా? ఉంది. అది పాము కాదు, కప్పకు దూరపు బంధువు.

వానపాము కాదు, పాము కాదు

నీటిలోను నేల మీద బతికే జీవులను ఉభయచరాలు అంటారని పిల్లల పాఠ్యపుస్తకాల్లో చదివే ఉంటారు. ఇవాళ ప్రపంచంలో ఉన్న ఉభయచరాలు మూడు తెగలు. మొదటి తెగ కప్పలు. రెండో తెగ బల్లిలా తోక ఉండే సాలమాండర్లు. మూడో తెగను సిసీలియన్లు అంటారు. లాటిన్ భాషలో గుడ్డి అని అర్థమిచ్చే మాట నుంచి ఈ పేరు వచ్చింది. స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ 1758లో ఈ పేరును గ్రంథస్థం చేశాడు.

చూడడానికి ఇది పెద్ద వానపాములా ఉంటుంది. ఒంటి మీద ఉంగరాలు తొడిగినట్టు గీతలుంటాయి. చర్మం తడిగా, జిగురుగా ఉంటుంది. కాని వానపాముకు ఎముక లేదు, దీనికి వెన్నెముక ఉంది. వానపాముకు దవడ లేదు, దీనికి దవడలున్నాయి, వాటి నిండా పళ్లున్నాయి. పుర్రె గట్టిగా ఉంటుంది, ఆ తలతోనే నేలను తొలుచుకుంటూ పోతుంది. కళ్లు చర్మం కిందో, కొన్నిటికి ఎముక కిందో దాగి ఉంటాయి. వెలుగు, చీకటి తేడా మాత్రం తెలుస్తుంది. చూపుకు బదులుగా కంటికి, ముక్కుకు మధ్య ఒక చిన్న స్పర్శాంగం ఉంటుంది. దాన్ని బయటకు చాచి వాసన, స్పర్శ పసిగడుతుంది. వానపాములు, చెదలు, నేలలోని ఇతర పురుగులు దీని తిండి.

ఈ తెగకు ఒకప్పుడు కాళ్లు ఉండేవి. అమెరికాలోని ఆరిజోనాలో దొరికిన ఒక శిలాజాన్ని 1993లో శాస్త్రవేత్తలు వివరించారు. సుమారు 19 కోట్ల ఏళ్ల నాటి ఆ జీవికి చిన్న చిన్న కాళ్లున్నాయి. నేలలో తొలుచుకుంటూ బతకడానికి అలవాటు పడిన కొద్దీ కాళ్లు పనికిరాకుండా పోయాయి.

ప్రపంచం మొత్తం మీద ఇవి 200 జాతులకు పైగా ఉన్నాయి. అన్నీ వేడి, తేమ ఉన్న దేశాలవే. దక్షిణ అమెరికా, ఆఫ్రికా, మన దేశం, ఆగ్నేయాసియా వీటి నివాసం. వీటిలో ఎక్కువ భాగాన్ని చాలాకాలం సిసిలిడే అనే ఒకే కుటుంబంలో చేర్చేవారు. 2011లో ఆ పెద్ద కుటుంబాన్ని విడదీసి మొత్తం తెగను 9 కుటుంబాలుగా సర్దారు. 2012లో మన దేశంలోనే పదో కుటుంబం బయటపడింది. ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన సత్యభామా దాస్ బిజు బృందం ఈశాన్య రాష్ట్రాల్లో నేల తవ్వి వెతికి దాన్ని కనిపెట్టింది. అక్కడివారు కూడా ఈ జీవిని విషసర్పమనుకుని కనబడగానే చంపేస్తున్నారని ఆ బృందం చెప్పింది. చూశారా, కర్ర తీయడంలో పల్నాడుకు, ఈశాన్యానికి తేడా లేదు!

మన కొండల్లో ఉన్నది

మన దేశంలో సిసీలియన్లు సుమారు 40 జాతులున్నాయి. ఎక్కువ భాగం పడమటి కనుమల్లో, ఈశాన్యంలో ఉన్నాయి. వీటి మీద మొదట పని చేసినవారిలో బెంగుళూరులో పెరిగిన విద్యకు పేరు తెచ్చిన ఇద్దరు ప్రొఫెసర్లున్నారు. ఒకరు ఎల్. ఎస్. రామస్వామి, రెండోవారు బి. ఆర్. శేషాచార్. వారి గౌరవార్థం రెండు సిసీలియన్ జాతులకు వారి పేర్లు పెట్టారు. రామస్వామిగారి పేరుగల జీవి కేరళ దక్షిణ భాగంలో అడవిలోనే కాదు, రైతుల తోటల్లో కూడా బాగా ఉందని 2000లో ప్రచురించిన పరిశీలన చెబుతోంది. అంటే రైతు దున్నే నేలకు, ఈ జీవికి పగ లేదు. నేలలో తేమ, ఆకుకుళ్లు, వానపాములు ఉంటే అదీ ఉంటుంది.

తూర్పు కనుమల సంగతి మన రాష్ట్రానికి సంబంధించింది. ఒడిశా, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాల తూర్పు కనుమల్లో 1000 మీటర్లకు పైన ఎత్తున్న చోట దొరికిన ఒక సిసీలియన్‌ను 2013లో కొత్త జాతిగా ప్రకటించారు. ఇషాన్ అగర్వాల్, మార్క్ విల్కిన్సన్, ప్రత్యూష్ మహాపాత్ర, సుశీల్ దత్తా, వరద్ గిరి, డేవిడ్ గోవర్ ఈ పని చేశారు. దాని శాస్త్రీయ నామం జెజెనియోఫిస్ ఓరియెంటాలిస్. రెండో మాటకు తూర్పుది అని అర్థం. దీని చుట్టాలు పడమటి కనుమల్లోనే కాక హిందూ మహాసముద్రంలోని సెషెల్స్ దీవుల్లో కూడా ఉన్నాయి. కాళ్లు లేని జీవి సముద్రం ఎలా దాటిందనుకుంటున్నారా? అది దాటలేదు. మన నేల, సెషెల్స్ నేల కోట్ల ఏళ్ల క్రితం ఒకటిగా ఉండేవి. నేల విడిపోయి దూరంగా జరిగితే జీవి తన మట్టితోపాటు వెళ్లింది.

మరి మన అమరావతి చేలల్లో ఇది ఉంటుందా అని అడుగుతారు. దానికి చల్లని కొండనేల, ఏడాది పొడుగునా తేమ కావాలి. మన నల్లరేగడి ఎండాకాలంలో చెయ్యి పట్టేంత బీటలు వారుతుంది. ఇక్కడ పేడదిబ్బ తవ్వినప్పుడు గాని, తొలకరికి ఇంటి గడపలోకి గాని వచ్చే సన్నని, నల్లని జీవి సిసీలియన్ కాదు. అది గుడ్డిపాము.

ఈ గుడ్డిపాముకు, మన తెలుగు భాషకు ఒక చరిత్ర ఉంది. ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్న పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండ్ వైద్యుడు విశాఖపట్నంలో ఉండి ఈ తీరపు పాములను సేకరించాడు. 1796లో వాటి బొమ్మలతో పెద్ద పుస్తకం వేశాడు. ఒక్కొక్క పాముకు మనవాళ్లు చెప్పిన పేరునే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. అందులో ఈ చిన్న పాము పేరు రెండు తలల పాము. ఆ బొమ్మను ఆధారం చేసుకుని ఫ్రెంచి శాస్త్రవేత్త దోదాఁ 1803లో దానికి శాస్త్రీయ నామం పెట్టాడు. ఆ పాము ఇవాళ పూలకుండీల మట్టిలో చేరి ప్రపంచమంతా పాకింది. మరో వింత, వాటిలో మగవి లేవు. అన్నీ ఆడవే. మగతోడు లేకుండానే గుడ్లు పెడతాయి.

తలకు, తోకకు తేడా తెలియని జీవి ఏది కనబడినా మనం రెండు తలల పాము అనేస్తాం. గుడ్డిపాము అదే, ఇసుకనేలల్లో ఉండే లావుపాటి పాము అదే. ఆ లావుపాటి దాన్ని పట్టి అమ్మితే లక్షలొస్తాయని నమ్మి జైలుపాలైనవారు ఉన్నారు. దానికి మహిమ లేదు. పట్టడం, అమ్మడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

గుర్తు పట్టడం కష్టం కాదు. ఒంటి మీద నున్నని, పొడి పొలుసులు మెరుస్తుంటే గుడ్డిపాము. అది చీమల గుడ్లను, చెదలను తింటుంది. మనిషికి ఏ హానీ చేయదు. ఉంగరాలుండి, తడిగా ఉండి, దవడ లేకపోతే వానపాము. ఉంగరాలుండి, తడిగా ఉండి, నోరు, పళ్లు ఉంటే సిసీలియన్. మన్యం నుంచి వచ్చిన సభ్యులు ఎవరైనా ఉంటే ఈ మూడో గుర్తును జ్ఞాపకం పెట్టుకోండి. కొన్ని సిసీలియన్లకు పళ్ల మొదట్లో విషగ్రంథుల వంటివి ఉన్నాయని 2020లో బ్రెజిల్ శాస్త్రవేత్తలు రాశారు. చర్మపు జిగురు కూడా శత్రువులకు చేదే. కనుక చేత్తో పట్టుకోవద్దు. ఒక ఆకుదొప్పలోకో, తట్టలోకో తోసి తడిమట్టిలో వదిలేస్తే చాలు.

నేల కింది బాలింత

ఇప్పుడు అసలు కథకు వస్తాను.

స్విట్జర్లండ్‌కు చెందిన పాల్ సరాసిన్, ఫ్రిట్జ్ సరాసిన్ అనే ఇద్దరు బంధువులు 1880ల్లో సింహళానికి వచ్చి అక్కడి సిసీలియన్లను పరిశీలించారు. తల్లి నేలలో గుడ్లు పెట్టి, వాటి చుట్టూ తన ఒంటిని చుట్టుకుని కాపలా కాస్తుందని లోకానికి బొమ్మ గీసి చూపించారు. కప్పలు చాలావరకు నీటిలో గుడ్లు వదిలి తమ దారిన తాము పోతాయి. ఈ జీవి అలా పోదు.

1970ల్లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన మార్వలీ వేక్ అనే శాస్త్రవేత్త మరో సంగతి వివరించింది. సిసీలియన్లలో కొన్ని జాతులు గుడ్లు పెట్టవు, పిల్లల్నే కంటాయి. కడుపులో ఉన్న పిల్లలు తల్లి గర్భనాళం గోడల నుంచి ఊరే కొవ్వుగల ద్రవాన్ని తాగి పెరుగుతాయి. దాన్ని గర్భంలోని పాలు అనవచ్చు.

2006లో కెన్యా దేశపు తైతా కొండల నుంచి ఇంకా విచిత్రమైన వార్త వచ్చింది. అక్కడి ఒక జాతి తల్లి పిల్లలు గుడ్ల నుంచి బయటికి వచ్చే వేళకు తన పైచర్మాన్ని మందంగా, కొవ్వుతో నింపుకుంటుంది. పిల్లలు ప్రత్యేకమైన పళ్లతో ఆ పైచర్మాన్ని గీరుకుని తింటాయి. తల్లి కదలకుండా పడి ఉంటుంది. చర్మం మళ్లీ మందమవుతుంది, పిల్లలు మళ్లీ తింటాయి. తల్లి తన ఒళ్లు కరిగించి పెంచుతుందని మనం మాటవరసకు అంటాం. ఇక్కడ అది అక్షరాలా నిజం.

బ్రెజిల్‌లో ఉంగరాలు తెల్లగా, ఒళ్లు నీలంగా ఉండే ఒక సిసీలియన్ ఉంది. దాని పిల్లలూ తల్లి చర్మాన్ని తింటాయి. కాని ఆ చర్మం రోజూ తయారుకాదు. అయినా పిల్లలు మొదటి వారంలోనే రెట్టింపుకు మించి బరువు పెరుగుతున్నాయి. అంత బలం ఎక్కడి నుంచి వస్తోంది? పాముకాటు మందుకు పేరుపొందిన సావ్ పాలోలోని బుటాంటన్ సంస్థలో కార్లోస్ జరెడ్, మార్తా ఆంటోనియాజీ, పెడ్రో మైల్యో ఫొంతానా, వారి తోటివారు ఈ ప్రశ్న పట్టుకున్నారు. కోకో తోటల నుంచి 16 తల్లులను పిల్లలతో సహా తెచ్చి, గూళ్లలో ఉంచి, కెమెరా పెట్టి గంటల తరబడి చూశారు. ఫలితాన్ని 2024 మార్చిలో సైన్స్ పత్రికలో ప్రచురించారు.

వారు చూసింది ఇది. పిల్లలు తల్లి తోక వైపు చేరి, ఒంటి చివర ఉన్న ద్వారం దగ్గర తలతో పొడుస్తూ, కిచకిచమని సన్నగా అరుస్తాయి. కాసేపటికి తల్లి ఒంటి చివరి భాగం ఎత్తి ఒక చిక్కని ద్రవాన్ని వదులుతుంది. పిల్లలు ఎగబడి తాగుతాయి. రోజులో ఆరు సార్ల వరకు ఇలా జరుగుతుంది. ఆ ద్రవంలో కొవ్వు, పిండిపదార్థాల జాతి చక్కెరలు దండిగా ఉన్నాయి. అది తల్లి గర్భనాళంలో, పిల్లలు పుట్టిన తర్వాత బాగా ఉబ్బిన గ్రంథుల నుంచి ఊరుతుంది. గుడ్లు పెట్టే ఉభయచరం ఇలా పాలిచ్చి పెంచడం అంతకు ముందు ఎవరూ చూసింది కాదు.

ఇది మన గేదె పాల వంటి పాలేనా అంటే కాదు. పొదుగు లేదు, చన్ను లేదు. పావురం కూడా తన పిల్లలకు గొంతుసంచిలో ఊరిన పాల వంటి పదార్థం పెడుతుంది. పావురం వేరు, సిసీలియన్ వేరు, గేదె వేరు. మూడింటికీ చుట్టరికం లేదు. అయినా మూడూ ఒకే ఉపాయానికి వచ్చాయి. పుట్టిన బిడ్డ తనంతట తాను తిండి వెతుక్కోలేని రోజుల్లో తల్లి తన ఒంటి నుంచి చేసి పెట్టేదే పాలు. పాలు పుట్టింది అమ్మకానికి కాదు, డబ్బాకు కాదు, బిడ్డకు. మిగిలినది మనకు.

చేపు

ఈ పాలకోసం పిల్ల చేసే పని వింటుంటే మీకు ఏది జ్ఞాపకం వచ్చింది? దూడ పొదుగును కుమ్మడం కాదూ! దూడ వచ్చి నాలుగు చన్నులూ చీకి, తలతో పొదుగును పొడిస్తే గేదె చేపుతుంది. కొన్ని గేదెలు దూడ అరుపు వినగానే చేపుతాయి. ఆ కబురు నరాల ద్వారా మెదడుకు పోతుంది. మెదడు నుంచి ఆక్సిటోసిన్ అనే హార్మోను రక్తంలోకి వస్తుంది. పొదుగులోని సన్నని కండరాలు బిగిసి పాలు కిందికి దిగుతాయి. బెదిరినా, కొట్టినా, కొత్తవాళ్లు వచ్చినా చేపు ఆగిపోతుంది. పాలు ఎక్కడికీ పోవు, పొదుగులోనే ఉంటాయి, దిగవు. అందుకే పాలు పిండేచోట అరుపులు, కర్ర ఉండకూడదని పదే పదే చెబుతాం.

ఇక దూడ చచ్చిపోతే గేదె చేపదు. దూడ తోలులో గడ్డి కూరి ముందు నిలబెట్టే అలవాటు మన దగ్గర పాతదే. ఇప్పుడు దానికి బదులు కొందరు పూటపూటకూ ఆక్సిటోసిన్ సూది వేస్తున్నారు. పశువు ఆరోగ్యానికి హాని చేసేలా ఇలా పాలు దించడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం శిక్షార్హం. చట్టం సంగతి అలా ఉంచండి. దూడను బతికించుకున్న ఇంట్లో సూది అవసరమే రాదు.

జున్ను ఎవరిది?

దూడ ఎందుకు చస్తోంది? ఇక్కడ నిష్ఠూరంగా మాట్లాడవలసి వస్తుంది, మీ ఇంటి పెద్దవాడు చెప్పినట్టు వినండి.

గేదె ఈనితే మనకు మొదట గుర్తుకు వచ్చేది జున్ను. ఇరుగుపొరుగుకు పంచుతాం, బంధువులకు పంపుతాం. జున్ను మన ఆచారం, కాదనను. కాని జున్నుపాలు ఎందుకు అంత చిక్కగా ఉన్నాయో ఆలోచించండి. మనిషి బిడ్డకు రోగాన్ని తట్టుకునే శక్తి కొంత కడుపులో ఉండగానే తల్లి రక్తం నుంచి అందుతుంది. గేదెకు, ఆవుకు అలా కాదు. మాయను దాటి ఆ రక్షణ పదార్థాలు దూడకు చేరవు. దూడ ఏ రక్షణా లేకుండా భూమి మీద పడుతుంది. ఆ రక్షణ అంతా జున్నుపాలలో ఉంది. దూడ పేగులు ఆ పదార్థాలను ఉన్నవి ఉన్నట్టుగా రక్తంలోకి తీసుకోగలిగేది మొదటి రోజే. గంటలు గడిచిన కొద్దీ ఆ తలుపు మూసుకుపోతుంది. మర్నాడు కుండెడు పోసినా అది తిండిగా పనికొస్తుందే గాని రక్షణగా పనికిరాదు.

కొందరు మాయ పడిన తర్వాతే దూడను విడుస్తారు. మాయ పడడానికి కొన్ని గంటలు పట్టవచ్చు. అందాకా దూడ నోరు ఎండబెట్టడం దాన్ని చేతులారా రోగానికి అప్పగించడమే. పాలు పిండితే మాయ పడదన్నది వట్టి మాట. దూడ చీకితే వచ్చే ఆక్సిటోసిన్ గర్భసంచిని కూడా బిగిస్తుంది, మాయ పడడానికి అది సాయమే.

లెక్క చిన్నదే. ఈనిన అరగంట నుంచి రెండు గంటల లోపల మొదటి జున్నుపాలు దూడ కడుపులో పడాలి. దూడ బరువులో పదో వంతు మొదటి రోజు అందాలి. 30 కిలోల దూడకు 3 లీటర్లు, రెండు మూడు విడతలుగా. ఆ తర్వాత మిగిలినదానితో జున్ను వండుకోండి, హాయిగా తినండి. దున్నదూడ అని ఒకదానికి, పెయ్యదూడ అని మరొకదానికి తేడా పెట్టవద్దు. ఏ దూడ ఉన్నా గేదె చేపుతుంది.

ఇంకొక మాట. పాలల్లో నిజంగా ఉండే పాము ఒకటుంది. అది జెర్రిపోతు కాదు, ఏలికపాము. తల్లి ఒంట్లో దాగి ఉన్న ఏలికపాము పిల్లలు పాల ద్వారా దూడ పేగుల్లో చేరతాయి. గేదె దూడలకు ఇది మరీ ఎక్కువ. తెల్లని, మట్టిరంగు పారుడు, ఉబ్బిన పొట్ట, గరుకు వెంట్రుకలు దాని గుర్తులు. దానికి జున్నుపాలు మానిపించడం మందు కాదు. పుట్టిన 10 నుంచి 15 రోజుల్లో పశువైద్యుని సలహాతో నట్టల మందు తాగించడమే మందు.

చేయవలసిన పని

మీ సంఘాలకు నా మనవి నాలుగు మాటల్లో చెబుతాను.

ఒకటి. పాలు తగ్గిన రోజున కర్ర తీయవద్దు, గిన్నె తీయండి. గిన్నెకు నల్లగుడ్డ కట్టి ఒక్కొక్క చన్ను నుంచి మొదటి రెండు మూడు ధారలు దాని మీదకు పిండండి. తరకలు, పెళుసులు, నీరు కనబడితే ఆ పూటే పశువైద్యునికి కబురు చేయండి. అవి కనబడకపోయినా పాలు తగ్గుతూనే ఉంటే పాలను పరీక్ష చేయించండి. ఆ చన్ను పాలు, మందు వాడుతున్న పశువు పాలు సంఘానికి పోయవద్దు.

రెండు. పేడదిబ్బలో, చేలో, తోటలో కాళ్లు లేని చిన్న జీవి కనబడితే ఒక్క నిమిషం ఆగి చూడండి. అది విషసర్పమని అనుమానం ఉంటే దూరంగా ఉండండి. గుడ్డిపామో, వానపామో, కొండ ఊళ్లలో సిసీలియనో అయితే దాన్ని మట్టిలోనే వదిలేయండి. పేడ ఎరువు వేసిన తేమనేల దానికి ఇల్లు. అది బతికే నేల మన పైరుకూ మంచిదే.

మూడు. చూడి గేదె ఉన్న ప్రతి ఇంటికి, ఈనే నెల రాకముందే, జున్నుపాల లెక్క సంఘం తరఫున చెప్పండి. సంఘ కేంద్రంలో గోడ మీద రాయించండి. చదువు రానివారికి పాలు పోసే వరుసలో నోటితో చెప్పండి. అక్కచెల్లెళ్లు చెబితే మగవాళ్లు చెప్పినదానికన్నా ఎక్కువగా నాటుతుంది, ఎందుకంటే దూడను విడిచేది, కట్టేది చాలా ఇళ్లలో వాళ్లే.

నాలుగు. దూడల చావులు సంఘం పుస్తకంలో రాసుకోండి. ఎన్ని లీటర్లు పోశామో రాస్తాం, ఎంత వెన్న వచ్చిందో రాస్తాం. ఎన్ని దూడలు పుట్టాయి, ఎన్ని బతికాయి అన్నది మాత్రం ఎక్కడా రాయం. రేపటి గేదె ఇవాళ్టి పెయ్యదూడే. రాయనిదాన్ని సరిదిద్దలేం.

నేల కింద చీకటిలో, పొదుగు లేని తల్లి తన పిల్లలు అరిస్తే పాలిస్తోంది. మన కొట్టంలో పొదుగు నిండా పాలున్న తల్లి ఉంది, ఆకలితో అరిచే దూడ ఉంది, మధ్యలో తాడు పట్టుకున్నది మనం. ఆ తాడు ఈనిన మొదటి గంటలో వదలండి. పాల ధర గురించి, మేత గురించి మిగతా వక్తలు చెబుతారు.